చెమటకాయల తల్లి

మా కాలంలో కచేరీ నౌకరీ దొరికిన కుర్రవాడికి అన్నిటికన్నా ముందు కావలసింది తెలివి కాదు, షేర్వానీ. నిజాం సర్కారువారి కచేరీలో కలం పట్టిన ప్రతివాడూ మెడదాకా గుండీలు పెట్టుకుని కూర్చోవలసిందే. లోపల ఒళ్ళు ఏమైపోతోందన్నది సర్కారుకు పట్టని సంగతి. కల్వకుర్తి కచేరీలో నాకు నకళ్ళు రాసే పని దొరికిందని తెలియగానే, కట్టంగూర్ పక్కనున్న మా ఊరి నుంచి మా బాపు బండి కట్టించుకుని నల్లగొండ పోయి, కంబళిలాంటి ఉన్నిగుడ్డ తెచ్చాడు. "పల్చటి గుడ్డ ఎన్నొద్దులుంటది బిడ్డా, గిదైతే నీ కొడుకు గూడ తొడుగుతడు" అన్నాడు. (అప్పటికి నాకు పెళ్ళే కాలేదు.) దర్జీ అంతకన్నా దూరం ఆలోచించి, కుర్రవాడు ఇంకా ఒళ్ళు చేస్తాడని వదులుగా కుట్టాడు. ఇంత ముందుచూపులోనూ ఎండాకాలం ఒకటి వస్తుందన్న మాట ఇద్దరికీ తట్టలేదు.

కల్వకుర్తిలో ఒక అవ్వ ఇంట్లో వీధివైపు గది కిరాయికి తీసుకున్నాను. లోపలి భాగంలో అవ్వ, బండి తోలే ఆమె కొడుకు, కోడలు ఉండేవారు. నేను వీధిలో నడిచి వస్తుంటే అరుగుల మీది ముచ్చట్లు ఆగిపోయేవి, కూర్చున్నవాళ్ళు లేచి నిలబడేవారు. షేర్వానీ కనిపించిందంటే పన్ను కోసమో సాక్ష్యం కోసమో సర్కారు వచ్చిందనే లెక్క. మీసం సరిగా మొలవని నన్ను ముసలివాళ్ళు కూడా 'దొరా' అనేవారు. పొద్దుగూకాక అవ్వ నా అన్నం గిన్నె గడప మీద పెట్టి, ఒక కేక వేసి వెనక్కి జరిగేది. కచేరీలో మా పై గుమాస్తా పేష్కారు సాబు నాతో దినామూ ఒకే మాట మాట్లాడేవాడు. ఆ మాట 'గుండీ'. ఇంటి దగ్గరైతే అమ్మ తల నిమిరేది, తమ్ముడు రాత్రంతా నా మీద కాళ్ళేసి పడుకునేవాడు. ఇక్కడ నెలలు గడిచినా నన్ను ముట్టుకున్న మనిషి లేడు. ఒంటరితనం మనసుకు పడుతుందంటారు గానీ, నాకు ముందుగా ఒంటికే పట్టింది.

ఎండలు ముదిరాయి. ఉన్నిగుడ్డ కింద నా చర్మం చెమట పోయగలిగినంత పోసి, ఇక తనవల్ల కాదని చేతులెత్తేసింది. మెడ మీద, రొమ్ము మీద, వీపు నిండా ఎర్రటి సన్న పొక్కులు లేచాయి. అవి చెమటకాయలని నాకు బాగా తెలుసు. ఒకనాడు జప్తులకు పోయే అమీను వెంట ఊళ్ళు తిరిగి ఎండదెబ్బ తిని, జ్వరంతో వచ్చి, చొక్కా విప్పి నులకమంచం మీద పడిపోయాను. అన్నం తెచ్చిన అవ్వ నా ఒళ్ళు చూసింది. గిన్నె కింద పెట్టి, మొట్టమొదటిసారి గడప దాటి లోపలికొచ్చి, చేతులు జోడించి, "వచ్చినవా తల్లీ" అంది. నాకు అమ్మవారు పోసిందనుకుంది.

"అవ్వా, తల్లి గిల్లి కాదు, ఇవి చెమటకాయలు" అన్నాను. అవ్వ గబగబా లెంపలేసుకుంది. "తల్లీ, పిల్లగాడు తెల్వక అన్నడు. మనసుల పెట్టుకోకు" అని నా గురించి నాకే సిఫారసు చేసింది. ఆనాటి నుంచి నా ఒంట్లో ఇద్దరం కాపురమున్నాం. "సల్ల తాగుతవా, సద్దన్నం తింటవా?" అని అడిగేది. నేను నోరు తెరిస్తే, "నిన్ను గాదు బిడ్డా, తల్లిని అడుగుతున్న. నువ్వు జర ఊకో" అనేది. (తినడం మాత్రం నా వంతే.) గుమ్మానికి వేపమండలు కట్టారు. ఇంట్లో పోపు బంద్. అవ్వ కొడుక్కి గడ్డం గీసుకోవడం బంద్. పాపం, ఆయన నా చెమటకాయల పుణ్యమాని సాధువై తిరిగాడు. పేష్కారు సాబు, తల్లి వెళ్ళేదాకా కచేరీ దిక్కు రావద్దని దూరం నుంచే కబురు పంపాడు.

ఇరుగుపొరుగు ముసలమ్మలు వచ్చి నా మంచం చుట్టూ కూర్చునేవారు. కోడళ్ళ మీద చాడీలు, బర్రె ఈనిన సంగతి, అన్నీ నా ముందే చెప్పుకునేవారు. అవ్వ వేపమండతో నా వీపంతా మెల్లగా తడిమేది. గోక్కోబోతే చేయి పట్టుకుని, పట్టుకున్న చేతిని వదలకుండా ముచ్చట సాగించేది. చర్మం ఉన్నది చెమట పోయడానికేనని అనుకునేవాణ్ణి. దానికి ఇంకో పని కూడా ఉందని, ఇన్నాళ్ళూ ఆ పని లేకే అది అల్లాడిందని ఆ మంచం మీద తెలిసింది. నేను సుఖంగా ఉన్నాను.

వచ్చిన చిక్కల్లా, సుఖంగా ఉంటే చెమటకాయలు నిలవవు. షేర్వానీ లేదు, చల్లటి మట్టి గది, పైన వేపాకు గాలి. జ్వరం మర్నాటికే పోయింది, పొక్కులు ఒక్కొక్కటే మాడిపోసాగాయి. లోకమంతా తల్లిని పొమ్మని మొక్కుతుంటే నేనొక్కణ్ణి ఉండమని మొక్కాను. మొక్కు పనిచేయకపోవడంతో ఒక మధ్యాహ్నం, అవ్వ కునుకు తీస్తుండగా, షేర్వానీ తొడుక్కుని మెడదాకా గుండీలు పెట్టుకుని, మూల కూర్చుని చెమట కోసం ఎదురుచూశాను. బాగానే పడుతోంది. అంతలో అవ్వ వచ్చింది. దొరికిపోయాననుకుని బిక్కచచ్చిపోయాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, వీధిలోకి పోయి ముసలమ్మలను పిలిచింది. "తల్లికి షేర్వానీ మీద మనసైంది" అంది.

తల్లి కోరింది ఇవ్వకపోతే ఎట్లా? ఆ ఆదివారం నాకు పసుపు, వేపాకు వేసిన నీళ్ళు పోసి, పెరుగన్నం కుండతో పాటు షేర్వానీని కూడా మడతపెట్టి నెత్తిన పెట్టుకుని, డప్పుతో ఊరి పొలిమేరకు తీసుకెళ్ళి, అక్కడే వదిలి, తల్లిని సాగనంపి వచ్చారు. మర్నాడు కచేరీకి ఉత్త చొక్కాతో పోయాను. సంగతి విన్న పేష్కారు సాబు తన మెడ గుండీ తడుముకున్నాడు.

ఆ సాయంత్రం నాకు ఎక్కడలేని సంబరం. ఇన్నాళ్ళూ మనుషుల్ని దూరం పెట్టింది షేర్వానీయే గనుక, అది పోయింది గనుక, ఇక బెంగ లేదనుకున్నాను. తలుపు బార్లా తెరిచి, మంచం మీద అవ్వకు చోటు వదిలి కూర్చున్నాను. లోపలి నుంచి పోపు వాసన వచ్చింది. అవ్వ వచ్చింది. గిన్నె గడప మీద పెట్టి వెనక్కి జరిగింది.

"లోపలికి రా అవ్వా. జరసేపు కూసో."

"వద్దు దొరా."

"నన్ను దొర అనకు. మొన్నటిదాక బిడ్డా అన్నవు గద."

అవ్వ నా వంక జాలిగానే చూసింది. "గప్పుడు తల్లి ఉండె దొరా. గిప్పుడు మీరే గద ఉన్నది" అంది.

పప్పు ఎంతో రుచిగా ఉంది. ఏడుస్తూ తిన్నాను.

ఇప్పుడు నాకు ఏ కచేరీ లేదు. ఇంటినిండా మనుషులున్నారు, అంతా చదువుకున్నవాళ్ళు. ఎండాకాలం రాగానే ఈ ముసలి వీపు మీద ఇప్పటికీ చెమటకాయలు లేస్తాయి. చొక్కా విప్పి, అందరూ తిరిగే చోట, వాళ్ళకు కనబడేటట్టుగా కాసేపు కూర్చుంటాను. మా కోడలు అటుగా పోతూ పౌడరు డబ్బా నా పక్కన పెట్టి పోతుంది. తెలివిగల పిల్ల, ఒక్కసారీ పొరబడదు.