సున్నా అన్నాను

ఈ మాట ఇన్నేళ్లుగా గొంతులోనే ఉంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో.

పావగడ సోలార్ పార్కులో కంట్రోల్ రూమ్ నాది. ప్యానెళ్ల కరెంటును మార్చే ఇన్వర్టర్ల లోపలి వోల్టేజీని చదివే కోడ్ లైబ్రరీ సీ అనే కంప్యూటర్ భాషలో ఉండేది. దాని ఫంక్షన్లను పైథాన్ అనే మరో భాష నుంచి పిలవడానికి మధ్యలో వ్రాపర్ అనే చిన్న ప్రోగ్రామ్ రాసింది నేనే. పిలిచిన ప్రతిసారీ ఫంక్షన్ వోల్టేజీని చదివి మెమరీలో నేను చూపిన చోట రాసేది. అసలు చదవగలిగిందో లేదో వేరుగా తిరిగి చెప్పేది. ఆ జవాబును నేను చూడకుండా వదిలేశాను. చదవలేకపోతే, ఆ చోట నేను ముందే పెట్టిన సున్నా అలాగే ఉండిపోయేది. తెర మీద అది నిజం సున్నాలాగే కనిపించేది. తెలియక వదిలానా? కాదు. తర్వాత చూద్దామనుకున్నాను.

ఓబులేసుది పార్కు పక్కనున్న నాగలమడిక ఊరు. చేనును పార్కుకు కౌలుకిచ్చి, అందులోనే కాంట్రాక్టు పనికి చేరినవాడు. ఒక మధ్యాహ్నం ఫోన్ చేశాడు.

"సార్, ఇన్వర్టర్ ఆపినా. లోపల వోల్టేజీ ఏమన్నా ఉండాదా?"

ఆపినా లోపల కరెంటు కాసేపు నిలిచి ఉంటుంది. అది ఇద్దరికీ తెలుసు. నేను తెర చూశాను.

"సున్నా ఉండాది. తెరువుప్పా."

తెరిచాడు. కుడిచెయ్యి మోచేతి దాకా కాలిపోయింది. వేళ్లు మళ్లీ ముడుచుకోలేదు.

విచారణకు ముందే లోపం ఎక్కడుందో కనిపెట్టాను. ఆ జవాబును చూసే ఒక్క వరుస కోడ్ లేకపోవడమే. ఎవరికీ చెప్పకుండా దిద్దేశాను. దిద్దుతున్నప్పుడు భయపడింది అతని కోసమా, నా ఉద్యోగం కోసమా అని ఇప్పటికీ నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. విచారణలో ఓబులేసు ఉన్నదున్నట్టు చెప్పాడు. సార్ సున్నా అన్నాడని. నన్ను అడిగారు. సున్నా అన్నమాట నిజమే, కానీ ముట్టుకునే ముందు టెస్టర్ పెట్టి చూడమని కూడా చెప్పాను అన్నాను.

చెప్పలేదు.

అతను నా మీద ఎగబడతాడనుకున్నాను. కట్టు కట్టిన చేతిని చూసుకున్నాడు. "సార్ చెప్పింటాడు. నాకే ఇనపడలేదేమో" అన్నాడు. తప్పు అతనిదేనని తేల్చారు. పనిలోంచి తీసేశారు.

ఇప్పటికీ ఆ ఊరి మీదుగా బైకు మీద వెళితే పిలిచి టీ తాగమంటాడు. ఎడమచేత్తో గ్లాసు అందిస్తాడు. పార్కులో పనికి కొత్తగా చేరిన వాళ్లు పక్కనుంటే, సార్ మాట ఇనక నేను ఇట్లయినా, మీరు ఇనండి అని నా ముందే చెబుతాడు. నేను ఆడిన అబద్ధం అతని జ్ఞాపకంగా మారిపోయింది. దాన్ని అతని లోంచి ఎలా తీయాలి? తీస్తే అతనికి మిగిలేదేమిటి? ప్రతిసారీ చెప్పాలనే కూర్చుంటాను. ప్రతిసారీ టీ తాగి లేస్తాను.

చెప్పాల్సింది అతనికి. మీకు చెబుతున్నాను. ఊపిరి కొంచెం తేలికగా ఆడుతోంది. అలా ఆడుతున్నందుకే సిగ్గుగా ఉంది.