పెదనాయన సింగారించిన వంక గట్టు

మెడలో ఆఫీసు కార్డు వేసుకుని గుడియాత్తం బస్సెక్కితే కండక్టరు కూడా లేచి నిలబడతాడని నేను నమ్మిన రోజులవి. (ఎవరూ నిలబడలేదు, సీటు కూడా ఇవ్వలేదు.) వేలూరులో కొత్త ఉద్యోగం. వంకల గట్లు కోసుకుపోతుంటే ఆ పక్క పొలాల రైతులకు రాళ్లు పేర్చుకోవడానికి, వట్టివేరు నాటుకోవడానికి సాయం ఇప్పించడం మా పని. మొదటి సాయం మా పెదనాయనకే అని ఇంట్లో గొప్పగా మాటిచ్చేశాను. ఆయన పొలం మోర్ధానా డ్యాం దిగువన, వంకను ఆనుకుని ఉంది. వాన పడినప్పుడల్లా వంక గట్టును కొరుక్కు తింటూ వచ్చి కొబ్బరిచెట్ల వేళ్లు బయటపెట్టింది. ఇంకో వానాకాలం ఆగితే చెట్లు నీళ్లపాలే. మా పెద్దసారు వచ్చి కళ్లారా చూసి, గట్టు పాడైందని ఒప్పుకుంటే తప్ప సాయం రాదు.

సారును వెంటబెట్టుకుని వెళ్లి చూద్దును కదా, పెండ్లిచూపులకు పిల్లను సింగారించినట్టు గట్టును సింగారించి పెట్టారు. గండ్లన్నీ మట్టితో పూడ్చి, నున్నగా పేడనీళ్లతో అలికి, పైన ముగ్గు కూడా వేశారు. "ఇదేం పని పెదనాయనా?" అని చెవిలో గొణిగాను. "పెద్ద ఆపీసరు వస్తావుంటే పగిలిన గట్టు చూపిస్తామా అప్పా? మన మర్యాద ఏం కావాల?" అన్నాడు. ఈలోగా సారు గండి ఎక్కడని తమిళంలో అడిగారు: "ఎంగప్పా ఉడైప్పు?" పెదనాయన ఛాతీ విరిచాడు. "ఉడైప్పా? మన గట్టుకు ఒక కొరతా లేదు సార్. నల్లా ఉండాది, బాగుండాది!" సారు పెన్ను జేబులో పెట్టుకున్నారు. "అట్ల చెప్పొద్దయ్యా, చెట్లు పోతే ఏం తినేది?" అని పెద్దమ్మ నెత్తి కొట్టుకుంది. "నువ్వుండు. పోయి కాఫీ తీసకరా" అని ఆమెను కసిరాడు.

ఇక నేను ఆగలేకపోయాను. గట్టు అంచుకు పోయి నిలబడి, శిక్షణలో నేర్పిన గొంతుతో, "సార్, ఇదంతా పైపూత. ఇక్కడ నేల ఎంత వదులుగా ఉందంటే..." అని మొదలుపెట్టాను. వాక్యం పూర్తి కాలేదు. గట్టు, ముగ్గు, నేను కలిసే వంకలోకి దిగాం. నడుముదాకా బురద. పైనుంచి సారు ఫోను తీసి, "కొంజం ఇప్పిడి తిరుంబుప్పా" అన్నారు. కాస్త ఇటు తిరగమని! తిరిగాను. పెదనాయనకు నా మీద దిగులే లేదు. "నిన్నంతా మెత్తినామే నాయనా, ఒక్క కాలితో పడగొడితివే!" అని ఒకటే గోల.

సాయం వచ్చింది. రాళ్లు పడ్డాయి, వట్టివేరు ఒత్తుగా పెరిగింది, కొబ్బరిచెట్లు నిలిచాయి. ఆఫీసులో కొత్తవాళ్లకు 'పని జరగక ముందు' అని చూపించే ఫొటోలో ఇప్పటికీ బురదలో నోరు తెరుచుకుని నేనే ఉంటాను. ఊరికి పోయినప్పుడల్లా పెదనాయన నన్ను గట్టు మీదకు తీసుకుపోయి, "నిలబడప్పా, చూస్తాము" అంటాడు. అప్పటికంటే బాగా లావెక్కాను కదా, భయపడుతూనే కాలు మోపుతాను. గట్టు కదలదు. బురదలో దిగబడ్డ ఆ బక్కపలచటి కుర్రాడి మీద నాకు కొంచెం అసూయగా ఉంటుంది. మాట సగంలో ఉండగానే పడిపోయి వాడు చేసిపెట్టినంత పని, ఇన్నేళ్లుగా మాట్లాడుతూ నేను చేయలేదు.