కొబ్బరికాయ నిలిచిన చోటు

తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులవి. భూపాలపల్లి బొగ్గు గనుల్లో పని ఆగింది. కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. జనగామ నుంచి మా బోరుబండి తొర్రూరు దగ్గరి ఒక చెలకలోకి, అంటే మెట్టచేనులోకి వెళ్లింది. బండి మీద బోరు వేసేది మా బావ, అక్క భర్త. రాడ్లు ఎక్కించేది నేను.

నీళ్లు చూసే పెద్దమనిషి అరచేతిలో కొబ్బరికాయ అడ్డంగా పెట్టుకుని చెలకంతా తిరిగాడు. కాయ దానంతటదే లేచి నిలబడిన చోట నీళ్లున్నాయని సున్నంతో గుర్తు పెట్టాడు. తలెత్తి చూస్తే సరిగ్గా పైన కరెంటు తీగలు.

"పటేలా, ఇరువై అడుగులు అటు జరుపుదాం," అన్నాడు బావ, చెలక రైతుతో.

"గంగమ్మ చూపిన జాగ జరుపుతరా? రెండు బోర్లు ఎండినయ్. ఇదన్న పడనియ్యి," అన్నాడు రైతు. బావ మెత్తబడ్డాడు.

ఉపాయం చెప్పింది నేనే. ఆ తెలివికి ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

"ఇప్పుడు కరెంటు లేదు గద బావా. నేను మోటరు కొట్టం కాడ కరెంటు బుగ్గ చూస్కుంట నిలవడుత. అది వెలిగితే కేకేస్త. నువ్వు మాస్టు లేపు."

మాస్టంటే బండి మీద పడుకోబెట్టి ఉండే పొడవాటి ఇనుప స్తంభం. సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి లైన్ ఆపించాలని మా ఇద్దరికీ తెలుసు. సమ్మెలో ఎవరు ఎత్తుతారులే అనుకున్నాం. గుర్తు దగ్గర నీళ్లు చల్లి, కొబ్బరికాయ కొట్టి మొక్కాం. మొక్కడానికి విడిచిన చెప్పులు బావ మళ్లీ తొడుక్కోలేదు.

నేను కొట్టంలోని బల్బునే చూస్తూ నిలబడ్డాను. రెప్ప కూడా వేయలేదు. బల్బు వెలిగింది. "బావా!" అని అరిచాను. బల్బులోకీ తీగలోకీ కరెంటు ఒక్కసారే వస్తుందని ఆ క్షణం దాకా నా బుర్రకు తట్టలేదు. తిరిగి చూసేసరికి మాస్టు తీగకు ఆనుకుని ఉంది, బావ తడి నేల మీద పడి ఉన్నాడు. దవాఖానకు చేరకముందే పోయాడు.

కొన్నాళ్లకు ఆ రైతు ఇంకో బండిని పిలిపించాడు. ఈసారి తీగలకు దూరంగా, బావ చూపించిన వైపే వేయించాడు. నీళ్లు పడ్డాయి.

ఆ సంగతి అక్కకు తెలియకూడదనుకున్నాను. ఎవరో చెప్పేశారు. అక్క ఏడవలేదు. ఒక్క మాట అడిగింది.

"గంగమ్మ ఆడ గూడ ఉన్నదారా, తమ్మీ?"