ఆగు అని పెట్టిన పేరు

చంద్రపూర్ దగ్గరి మా బొగ్గు గనికి కంప్యూటర్ తెచ్చింది నేనేనని ఇప్పటికీ చెప్పుకుంటాను. నిజానికి అది లారీలో వచ్చింది. నేను అట్టపెట్టె విప్పాను, అంతే.

దేశం తలుపులు తెరిచిన కొత్త రోజులవి. ఎవరు గనిలోకి దిగారో, ఎవరు పైకొచ్చారో చెప్పే ప్రోగ్రాం రాయడం నా పని. దానికి నేను పెట్టే పరీక్షల్లో ఒకటి ప్రతిసారీ తప్పేది: షిఫ్టు మారినవాడు పైకొచ్చినా ఇంకా కిందే ఉన్నట్టు చూపేది. దిద్దడానికి రెండు వారాలు కావాలి. అందాకా కంగారు పడొద్దని నాకు నేనే గుర్తుగా, ఇంగ్లీషు అక్షరాల్లో దానికి 'ఆగు' అని పేరు పెట్టాను. అచ్చయ్యే కాగితం మీద పేరు పట్టే గడి ఇరుకు. చివరి అక్షరం తెగిపోయి 'ఆగ్' మిగిలింది.

ఒక మధ్యాహ్నం ఆ కాగితం హాజరు పట్టీలతో కలిసి, గనిలోకి దిగేవాళ్లు దీపాలు తీసుకునే గదికి వెళ్లింది. అక్కడి మరాఠీ గుమాస్తా చదివాడు: ఆగ్. ఫెయిల్. కింద ఒకరు. ఆగ్ అంటే వాళ్లకు నిప్పే. సైరన్ మోగించాడు.

క్వార్టర్ల నుంచి ఆడవాళ్లు ఉరికొచ్చారు. సబ్బు చేతులతో ఒకామె నా చొక్కా పట్టుకుంది.

"అన్నా, కింద ఎవరున్నరని కంప్యూటర్ల ఉంది? మా ఆయన నంబరేనా? జెర చెప్పన్నా!"

ఆయన నంబరే. పరీక్ష కోసం చేతికందిన నంబరు వేశాను. ఆయన నిజంగానే ఆ షిఫ్టులో కింద ఉన్నాడు. నిప్పు లేదని నాకొక్కడికే తెలుసు. నాది కాంట్రాక్టు ఉద్యోగం. నోరు విప్పితే సాయంత్రానికే ఇంటికి.

"తెలియదమ్మా" అన్నాను.

మనుషుల్ని మోసే ఇనుప పంజరం రెండుసార్లు పైకొచ్చింది. ఆయన లేడు. ఆమె అరవడం మానేసి నేలమీద కూలబడింది. మూడోసారి వచ్చాడు, ఇద్దరి భుజాల మీద. కింద తొక్కిసలాటలో పడి మోకాలికి గట్టి దెబ్బ తగిలింది.

"ఆగ్ ఏడుంది?" అని అడిగిందామె.

"ఆగ్ లేదు, గీగ్ లేదు. ఎవడో గాడిదికొడుకు చేసిన పని!" అన్నాడాయన.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

పరుగెత్తి సైరన్ ఆపించింది నేనేనని మొన్నటిదాకా చెప్పాను. అబద్ధం. సైకిల్ స్టాండు వెనక నిలబడ్డాను.

మర్నాడు గడి వెడల్పు చేసి పేరు మార్చాను: 'షిఫ్టు మారినవాడిని ఇంకా కిందే చూపుతుంది, తెలిసిన తప్పు, దిద్దేదాకా ఇంతే'. ఇంత పొడుగు పేరెందుకని దీపాల గదిలో గుమాస్తా అడిగాడు.

అప్పుడే ఆ సబ్బు చేతులామె భర్త కుంటుతూ దీపం తీసుకోవడానికి వస్తున్నాడు. పక్కకు జరిగి ఆయనకు దారి ఇచ్చాను.