ఎంగిలి జామకాయ

ఆ చలికాలం నాకిప్పటికీ మంచులోంచే కనిపిస్తుంది. నోయిడాలో మూడో అంతస్తు ఇల్లు. పొద్దున పదైనా ఎదురు బ్లాకు కనపడేది కాదు. మా అమ్మాయికి నాలుగేళ్ళు. పై వరస పాలపళ్ళు గోధుమరంగుకు తిరిగి అంచులు విరిగిపోయాయి. చల్లనీళ్ళు తగిలితే చాలు, చెంప పట్టుకుని "మమ్మీ, దర్ద్ హో రహా హై" అని నొప్పికి ఏడ్చేది.

నా ఉద్యోగం చూడబోతే పళ్ళాసుపత్రి ల్యాబులో! నోళ్ళలోని బాక్టీరియాను గాజు ప్లేట్లలో పెంచడం నా పని. పళ్ళను పుచ్చిపోయేలా చేసేవాటిని అణిచే మంచి బాక్టీరియా కోసం మా సార్ వెతికేవారు. ఒకరోజు నా ఉమ్మి, పిల్ల ఉమ్మి తీసుకెళ్ళి పెంచాను. రెండు ప్లేట్లలోనూ ఒకే చెడ్డ రకం మొలిచింది.

"బచ్చే కో అక్సర్ మా సే హీ మిల్తా హై" అన్నారు సార్, మామూలుగా.

పిల్లలకది ఎక్కువగా తల్లి నుంచే అంటుకుంటుందట. బిస్కెట్టు కొరికి సగం పెట్టిందీ, చెంచా నాకి చూసి పాలు పట్టిందీ నేనే. "పిల్లకి ఎంగిలి పెట్టకమ్మాయ్" అని అత్తయ్యగారు ఎన్నిసార్లు మొత్తుకున్నారో! ఇంత చదివినదానికి నాకు చెప్పొచ్చారా అని మూతి తిప్పుకునేదాన్ని. ఆ రోజునుంచి పిల్లను ముద్దు పెట్టుకోబోయి మొహం తిప్పేసుకునేదాన్ని.

"మమ్మీ, గుస్సా హో?" అని, కోపమొచ్చిందేమోనని బెంగగా అడిగేది.

మాతోనే ఉండే అత్తయ్యగారు అమలాపురం మనిషి. గ్లాసైనా పెదవికి తగలనివ్వరు, ఎత్తిపోసుకుని తాగుతారు. అరవై దాటినా ఒక్క పన్ను పుచ్చలేదు. సార్ వెతికే మంచి రకం ఆవిడ నోట్లో ఉందేమోనని, ఉమ్మి కావాలని అడిగాను.

"హవ్వ! ఉమ్మి సీసాలో పట్టుకెళతావా? ఇదా నీ ఉద్యోగం?"

మూడు రోజులు బతిమాలితే, బాల్కనీలో అటు తిరిగి ఇచ్చారు.

పిల్ల నోటి బాక్టీరియా పరిచిన ప్లేటు మీద, అత్తయ్యగారి నోటిలోంచి పెంచినదాన్ని ఒక చుక్క పెట్టాను. రెండోరోజు లైటుకెదురుగా పట్టుకుంటే ప్లేటంతా తెల్లటి మసక. ఆ చుక్క చుట్టూ మాత్రం గుండ్రంగా, శుభ్రంగా ఖాళీ జాగా. చెడ్డవి అక్కడికి రాలేకపోయాయి. కిటికీ బయట మంచు, చేతిలో ఆ చిన్న వెలుగు. ఎంతసేపలా నిలబడ్డానో తెలియదు.

సార్ తల అడ్డంగా ఊపారు. గాజులో జరిగింది నోట్లో జరగాలని లేదన్నారు. అదొక వైద్యంగా మారడానికి ఏళ్ళు పడుతుందన్నారు. పిల్ల పళ్ళకు సిమెంటు పెట్టించాం.

ఇంటికొచ్చి అత్తయ్యగారికి అంతా చెప్పి ఏడ్చేశాను.

"అయితే నా ఎంగిలి పిల్లకి మంచిదంటావా?"

"రుజువు లేదండీ."



ఆ ఆదివారం మధ్యాహ్నం ఎండొచ్చింది. బాల్కనీలో అత్తయ్యగారు ఉప్పు అద్దిన జామకాయ పట్టుకుని కూర్చున్నారు. "నాన్నమ్మా, ముఝే భీ" అంటూ చెయ్యి చాపింది పిల్ల. నేను బట్టలు ఆరేస్తున్నాను. పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ ఎంగిలి పెట్టని మనిషి, అటూ ఇటూ చూసి జామకాయ కొరికి, ఆ ముక్క పిల్ల నోట్లో పెట్టారు. నా చేతిలో తడి చీర అలాగే ఉండిపోయింది.

ఆవిడ ఇంకో ముక్క కొరికి నా వైపు చాపారు.

"నువ్వూ తిను. రుజువో గిజువో, ఎప్పుడొస్తే అప్పుడొస్తుంది. ముందు నా మనవరాల్ని ముద్దు పెట్టుకో. అది నీకేసి చూసి చూసి చిక్కిపోతోంది."

తిన్నాను. ఉప్పగా ఉంది. ఆ నోటితోనే పిల్లను ముద్దు పెట్టుకున్నాను.