ఎజ్రా గురక విన్న కోచ్

లొరేన్ పెట్‌వే మా కాలేజీకి వచ్చేనాటికి మా జట్టును ఊళ్లో 'మూడు క్వార్టర్ల మొనగాళ్లు' అనేవారు. హెల్మెట్లు పెట్టుకుని ఢీకొట్టుకునే మా ఫుట్‌బాల్‌లో ఆట తేలేది ఆఖరిదైన నాలుగో క్వార్టర్‌లోనే. సరిగ్గా అప్పుడే మా కాళ్లు పట్టుతప్పేవి. దక్షిణ అలబామా ఎండలో జనం ఉడకబెట్టిన వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చుని, మా ఓటమి చూసి ఇళ్లకు వెళ్లిపోయేవారు.

పెట్‌వే కలప లారీ డ్రైవరు కూతురు. చదువుకునే రోజుల్లో ఇనపగుండు విసిరేది. మా ఒళ్లు గట్టిపరిచే కోచ్‌గా ఆమెను తీసుకున్నారని విని కొందరు నవ్వారు. జిమ్‌లో మొదటి వారంతోనే ఆ నవ్వు పోయింది. బరువులెత్తడమొక్కటే బలం కాదనేది ఆమె. భుజాల మీద బరువుతో ఎలా కూర్చుని లేవాలో, పరుగులో ఎలా ఆగాలో పసిపిల్లలకు నడక నేర్పినట్టు మొదటినుంచీ నేర్పింది. వేసవి గడిచేసరికి తొడ కండరం పట్టేసి కుంటేవాళ్లు తగ్గారు. ఆట చివర్లోనూ మాలో సత్తువ మిగిలేది, ఒక్క ఎజ్రాలో తప్ప.

ఎజ్రా టాలివర్ నా రూమ్మేటు. బంతి విసిరేవాడి మీదికి ఎవరూ రాకుండా అడ్డుగోడలా నిలబడడం మా ఇద్దరి పని. మొదటి సగంలో వాణ్ణి కదిలించడం ఎవరి తరమూ కాదు. ఆ తర్వాత చేతులు వాలిపోయేవి, చూపు చెదిరేది. క్లాసులో నిద్ర. అన్నం ముందు నిద్ర. జిమ్‌లో ఒక బరువుకూ ఇంకో బరువుకూ మధ్య బల్ల మీద నిద్ర.

"ఒళ్లు బద్ధకం వాడికి. ఇంకా పరిగెత్తించు, లొరేన్," అన్నాడు హెడ్ కోచ్ గ్రేడీ హట్టో.

ఆమె పరిగెత్తించింది. బరువులు పేర్చిన ఇనప బండి తోయించింది. వాడు ఎదురు చెప్పకుండా అన్నీ చేశాడు, ఇంకా నీరసించాడు. ఎత్తే బరువు పెరగకపోగా తగ్గింది.

"వీడు పని ఎగ్గొట్టే రకం కాదు. బాగా తింటున్నాడు, చెమటోడుస్తున్నాడు. మరి బలమంతా ఎక్కడికి పోతోందిరా?" అని నన్నే అడిగింది ఒకరోజు.

"గురకలోకి పోతోంది మేడం," అన్నాను. ఆమె కూడా నవ్వేసింది.

అక్టోబరులో మిసిసిపీలో ఆటకు మధ్యాహ్నం బస్సులో బయల్దేరాం. ఎజ్రా సీట్లో కూలబడుతూనే గురక మొదలెట్టాడు.

"ఒరేయ్, ట్రాక్టరు స్టార్టయిందిరా!"

"ఎవడైనా వాడి నోట్లో సాక్సు కుక్కండ్రా బాబూ!"

పెట్‌వే ముందు సీట్లోంచి లేచొచ్చి వాడి పక్కన నిలబడింది. అంతలో గురక ఆగిపోయింది. "అమ్మయ్య," అన్నాడు వెనకెవడో.

"నోర్ముయ్యండి," అందామె.

అప్పుడు చూశాం. గురకతోపాటు వాడి ఛాతీ కదలడం కూడా ఆగింది. ఆమె చెయ్యి వాడి భుజం మీదికి వెళ్లేలోపే, నీళ్లలో మునిగి తేలినవాడిలా వాడు గట్టిగా ఊపిరి ఎగపీల్చాడు. మళ్లీ గురక. కాసేపటికి మళ్లీ ఆగింది.

"రోజూ ఇంతేనా?"

"ఇంతే మేడం. నేను చెవుల్లో దూది పెట్టుకుని పడుకుంటా," అన్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఆ వారమే వాణ్ణి మోబిల్ నగరంలో నిద్ర జబ్బులు చూసే డాక్టరు దగ్గరికి తన కారులో తీసుకెళ్లింది. నువ్వూ రమ్మని ఎజ్రా పట్టుబడితే నేనూ వెళ్లాను. ఇంట్లో ఇంకెవరికైనా ఈ గురక ఉందా అని డాక్టరు అడిగాడు.

"మా నాన్నకుండేది సార్. ఓ రోజు పొద్దున అమ్మ లేపితే ఆయన లేవలేదు," అన్నాడు ఎజ్రా, నేల చూస్తూ.

పెట్‌వే లేచి వరండాలోకి వెళ్లిపోయింది. నేను వెనకే వెళ్తే కిటికీ వైపు తిరిగి ఉంది. "అలాంటి పిల్లాడి చేత బండి తోయించాన్రా," అంది మెల్లగా.

పరీక్షలయ్యాయి. నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి మాటిమాటికీ ఆగుతోందట. గుండె మాత్రం బాగానే ఉందని, సమయానికి తెచ్చారని డాక్టరు చెప్పాడు. ఆ మాటకు ఆమె కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకుంది.

నిద్రలో గొంతు మూసుకుపోకుండా గాలి ఊదే చిన్న మిషనూ, ముక్కుకు తగిలించే తొడుగూ ఇచ్చారు. ఎజ్రా మొండికేశాడు. "ఎద్దు మూతికి చిక్కంలా ఉంది. నేను పెట్టుకోను."

"మోకాలికి పట్టీ కట్టుకోవడానికి సిగ్గుపడ్డావా? ఇదీ అంతే నాయనా. నువ్వు నిద్రపోతేనే నేను నేర్పింది నీ ఒంటికి పడుతుంది," అంది పెట్‌వే.

అప్పటినుంచి వాడి చేత పరుగులు మాన్పించి, తేలిక బరువులతో మళ్లీ మొదలుపెట్టింది. హట్టో గొణిగాడు గానీ అడ్డుపడలేదు. కొన్నాళ్లకు వాడు జిమ్‌లో కబుర్లు చెప్పడం మొదలెట్టాడు. అంతవరకూ వాడికి అన్ని జోకులు వచ్చని మాకెవరికీ తెలియదు. తగ్గిన బరువులన్నీ తిరిగి ఎత్తాడు, అంతకు మించీ ఎత్తాడు.

నవంబరులో ఆఖరి ఆట మా మైదానంలోనే. నాలుగో క్వార్టర్ మొదలవుతుంటే నేను వాడి ముఖంలోకి చూశాను. "ఏంట్రా అలా చూస్తావ్? నేను మేలుకునే ఉన్నా, నీ పని నువ్వు చూసుకో," అన్నాడు. ఎదుటి జట్టువాడు అలిసి మోకాళ్ల మీద చేతులు పెట్టుకున్నాడు. ఎజ్రా వాణ్ణి గోల్ గీత దాకా తోసుకుంటూ పోయాడు. ఆ సందులోంచే మావాడు బంతి పట్టుకుని దూరి గెలిపించాడు.

ఆట అయ్యాక హట్టో పెట్‌వేను పక్కకు పిలిచాడు. మెచ్చుకుంటాడనుకుని నేను చెవులు రిక్కించాను.

"ఆ డాక్టరు నంబరు నాకూ ఇవ్వు లొరేన్. మా ఆవిడ నన్ను హాల్లో పడుకోమంటోంది."

ఆమె పడీపడీ నవ్వింది. అంతలో ఎజ్రా వాళ్లమ్మ ఓపల్, చేసి తెచ్చిన కేకుతో కంచె దాటి వచ్చింది.

"పొద్దున్నే ఫోన్ మోగితే చాలు, నా ప్రాణం పోయేదమ్మా," అంది పెట్‌వే చెయ్యి పట్టుకుని. "ఇప్పుడు మోగితే, వీడు డబ్బులడగడానికే చేశాడనుకుంటున్నా."

"అందుకేనమ్మా చేసేది," అన్నాడు ఎజ్రా.

పెట్‌వే గడ్డి మీదే చతికిలబడి, చేత్తోనే కేకు తుంచుకుని తినడం మొదలుపెట్టింది. పొద్దున్నుంచీ ఆమె ఏమీ తినలేదట.