ఆ పెట్టెలో ఉన్నది మా అన్నే

మా వాడవాళ్ళం దీపావళి బొందలగడ్డలో చేసుకుంటాం. కరీంనగర్ బయటి వాళ్ళకు ఈ మాట చెప్తే నమ్మరు. మా దాంట్లో చనిపోయిన వాళ్ళను కాల్చరు, పూడ్చిపెడతారు. ఆ జాగానే బొందలగడ్డ అంటాం. పండుగకు వారం ముందు నుంచే ఎవరి సమాధుల దగ్గర వాళ్ళు గడ్డి పీకి, సున్నం వేసి, మాసిపోయిన పేర్ల మీద మళ్ళీ రంగు దిద్దుతారు. పండుగనాడు పొద్దు గూకే వేళకు పిల్లా జెల్లా అందరూ అక్కడికి చేరతారు. పోయినవాళ్ళకు ఏది ఇష్టమో అది వండి తీసుకుపోయి సమాధి మీద పెడతారు. ఒకరి మీద చేపల పులుసు, ఒకరి మీద బీడీకట్ట, ఒకరి మీద గారెలు. దీపాలు పెట్టి, పక్కనే చాప పరుచుకుని కూర్చుంటారు. ఏడ్చేవాళ్ళు ఏడుస్తారు, టపాసులు కాల్చేవాళ్ళు కాలుస్తారు.

మా ఇంటివి అక్కడ చాలా కాలం రెండే సమాధులు. ఒకటి బాపుది, అంటే మా నాన్నది; దాని పక్కనే మా అన్నది.

బాపు గ్రానైటు క్వారీలో పనిచేశాడు. డ్రిల్లు పట్టుకుని గుట్టకు తూట్లు వేసే పని. సాయంత్రం ఇంటికొస్తే కనుబొమ్మలు కూడా తెల్లగా ఉండేవి. నలభై దాటకముందే దగ్గు పట్టుకుంది. చివరి రెండేళ్ళు పడుకుంటే ఊపిరి ఆడేది కాదు, గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేవాడు. ఆయన తొలిచిన రాయి ఎవరెవరి ఇళ్ళలోనో నేలై మెరుస్తుంటుంది. ఆయన మీద మాత్రం ఇటుకలు, సిమెంటు. బోటి కూరంటే, మేక పేగుల కూర, ప్రాణం. అమ్మను మేం అవ్వ అంటాం. అవ్వ ప్రతి దీపావళికి పొద్దున్నుంచీ కూర్చుని బోటి కడిగి కడిగి వండేది.

బాపు పోయాక ఇల్లు అన్న మీద పడింది. అన్న టైల్స్ వేసే పని నేర్చుకున్నాడు. వేసిన టైలును వేలి కణుపుతో కొట్టి చూసేవాడు. కింద బోలు చప్పుడు వస్తే ఇంటాయన వద్దంటున్నా వినకుండా పీకి మళ్ళీ వేసేవాడు. మాటలు తక్కువ. నవ్వితే ముందుపన్ను చివర విరిగి కనిపించేది. చిన్నప్పుడు వాడకట్టు బోరింగు కొడుతుంటే పిడి ఎగిరి తగిలిందట. సుల్తానాబాద్ దగ్గరి పిల్లను చేసుకున్నాడు. వదినకు అప్పటికి ఇరవై ఏళ్ళు. పెళ్ళయిన ఎనిమిది నెలలకే దుబాయి పోయాడు. మా దిక్కు ఏ దేశం పోయినా దుబాయి పోయిండనే అంటారు.

శుక్రవారం శుక్రవారం ఫోన్ చేసేవాడు. ముందు అవ్వతో, తర్వాత నాతో, చివరికి వదినతో. వదిన ఫోన్ పట్టుకుని వంటింట్లోకి పోయేది. రెండేళ్ళు నిండుతున్నాయి, సెలవు మీద వస్తానని చెప్పాడు. ఆ తర్వాతి శుక్రవారం ఫోన్ రాలేదు. శనివారం పొద్దున అన్న గదిలోనే ఉండే భైంసా మనిషి నాకు చేశాడు.

"తమ్మీ, మీ అన్న నిన్న పొద్దుగాల లేవలే. నేను పొయి లేపితే సల్లగున్నడు" అన్నాడు. మళ్ళీ, "పరేషాన్ గాకు, ఇంట్ల జర నిమ్మలంగ చెప్పు" అన్నాడు.

నిమ్మళంగా ఎలా చెప్తాం? చెప్పాను. వదిన పొయ్యి ముందే కూలబడిపోయింది. అవ్వ మాత్రం, "వేరేటోని ముచ్చట నీకు చెప్పిండ్రు. మల్ల ఫోన్ చెయ్యి" అంది.

కాగితాలు తెమలక శవం మూడు నెలలకు గానీ రాలేదు. ఆ మూడు నెలలూ ఇంట్లో చావు అయినట్టూ లేదు, కానట్టూ లేదు. చివరికి పెట్టె హైదరాబాద్ ఎయిర్‌పోర్టుకు వచ్చిందని కబురు వస్తే మా పెద్దబాపు, నేను బండి మాట్లాడుకుని పోయాం. పెద్దబాపు అంటే బాపుకు అన్న, మా ఇంటికి అప్పుడు ఆయనే పెద్ద దిక్కు. పెట్టె మీద అతికించిన కాగితంలో అన్న పేరు సగం తప్పు రాసి ఉంది. బాపు పేరు ఉండాల్సిన చోట ఇంకేదో అక్షరం ఉంది. అయినా సంతకం పెట్టి తెచ్చుకున్నాం.

సిద్దిపేట దాటాక పెద్దబాపు బండి ఆపించాడు. రోడ్డుకు దూరంగా చింతచెట్ల కిందికి పోనిమ్మన్నాడు.

"ఒక్కపారి చూసుకోవాలెరా. పేరు సుత తప్పున్నది. మనోడు గాకుంటె ఎట్ల?"

డ్రైవరు మేకులు ఊడదీసి, లోపలి రేకు ఒక పక్క పైకి లేపాడు. పెద్దబాపు రెండడుగులు ముందుకేసి ఆగిపోయాడు. "నాతోటి గాదు, నువ్వే చూడు" అన్నాడు.

నాకప్పుడు పందొమ్మిదేళ్ళు. వంగి చూశాను. ముఖం నల్లబడి, ఒకవైపు లోపలికి పీక్కుపోయి ఉంది. ముక్కుల్లో దూది. అది అన్న ముఖమని నేను అనుకోలేదు. పెదవి పైకి పోయి పళ్ళు కనిపిస్తున్నాయి. ముందుపన్ను చివర విరిగి ఉంది.

"మనోడేనా?"

"మనోడే."

పెద్దబాపు డ్రైవరుతో మూతకు మళ్ళీ మేకులు కొట్టించాడు. మళ్ళీ బండి ఎక్కాక అన్నాడు: "మీ అవ్వకు గీ మొకం చూపియ్యద్దు. చూసిందంటె బతుకది. అస్సలు తెరవలేదని చెప్పు. నేను గట్లనే చెప్త."

సరే అన్నాను. నాకు అది అబద్ధమని కూడా అనిపించలేదు.

ఇంటిముందు పెట్టె దించగానే అవ్వ దాని మీద పడింది. రెండు చేతులతో మూత మీద బాదుతూ, "తెరువుండ్రి, నా కొడుకును నాకు చూపియ్యుండ్రి" అని అరిచింది. మగవాళ్ళు అడ్డం పడ్డారు. సీలు వేసిండ్రు, తెరవద్దని రాసిండ్రు అన్నారు. అవ్వ లేచి నా దగ్గరికి వచ్చింది.

"బిడ్డా, నువ్వు చూసినవా?"

పెద్దబాపు నా వైపే చూస్తున్నాడు.

"లేదవ్వా. తెరవలే" అన్నాను.

అవ్వ ఏడుపు ఆపింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. పెట్టె మీది కాగితం నాతోనే చదివించుకుంది. "పేరు సుత వేరేనే ఉన్నది. ఎవ్వలు చూడలే. అయితే గీడు నా కొడుకు గాడు" అంది.

అందరూ దుఃఖంలో అంటోంది అనుకున్నారు. బొందలగడ్డకు మోసుకుపోతే పెట్టె పొడుగు ఎక్కువైంది. తవ్విన బొందలో పట్టలేదు. పెట్టెను గట్టున దించి, మళ్ళీ గడ్డపారలు తీసుకుని బొందను పొడుగు చేయాల్సి వచ్చింది. ఆ చప్పుడు వింటూ అవ్వ దూరంగా నిలబడింది. ఒక్క పిడికెడు మట్టి కూడా వేయలేదు.

పదోనాడు వదిన గాజులు పగలగొట్టడానికి ఆడవాళ్ళు వచ్చారు. అవ్వ వదిన రెండు మణికట్లూ తన చేతులతో కప్పి పట్టుకుంది. "నా కొడుకు బతికున్నడు. గీ పిల్ల గాజులు ముట్టుకుంటె ఊకోను" అంది. వచ్చినవాళ్ళు కాసేపు నచ్చజెప్పి వెళ్ళిపోయారు. ఆ గాజులు, ఆ పుస్తెలు, ఆ బొట్టు అలాగే ఉండిపోయాయి.

మరుసటి ఏడు పెద్దబాపు గుండెనొప్పితో పోయాడు. చింతచెట్ల కింద ఏం జరిగిందో తెలిసినవాణ్ణి మావాళ్ళలో ఇక నేనొక్కణ్ణే.

శుక్రవారం వస్తే అవ్వ ఫోన్ దగ్గరి నుంచి కదిలేది కాదు. జైల్లో పడి ఉంటాడని, పాస్‌పోర్టు గుంజుకుని ఉంటారని తనకు తనే చెప్పుకునేది. అలా ఏళ్ళ తర్వాత తిరిగి వచ్చినవాళ్ళు మా దిక్కు లేకపోలేదు, అందుకే ఆమె మాటను ఎవరూ పూర్తిగా కొట్టిపారేయలేదు. వదిన గుమ్మంలో కూర్చుని, చాట ఒడిలో పెట్టుకుని బీడీలు చుట్టేది. తల ఎత్తేది కాదు. మొదటి దీపావళికి అన్న సమాధి మీద దీపం పెట్టబోతే అవ్వ ఆమె చేతిలోంచి ప్రమిద లాక్కుంది. "బతికున్నోనికి దీపం పెడ్తవా?" అని అందరిలో తిట్టింది. ఆ తర్వాత ప్రతి ఏడూ అవ్వ ఆ సమాధికి వీపు పెట్టి, బాపు వైపు తిరిగి కూర్చునేది. చుట్టూ అంతటా దీపాలు. మధ్యలో మా అన్న సమాధి ఒక్కటే చీకటి.

నాలుగో ఏడు వదిన వాళ్ళ అన్న ఒకాయన్ను వెంటబెట్టుకుని వచ్చాడు. రైస్ మిల్లులో లారీ నడుపుతాడు. భార్య పోయింది, ఒక ఆడపిల్ల ఉంది. మెత్తని మనిషి. కుర్చీ వేస్తే అంచున కూర్చున్నాడు. వదినను చేసుకుంటానని అడగడానికి వచ్చారు.

అవ్వ వాకిట్లోకి వచ్చి నిలబడింది. "మొగడు బతికుండంగ ఇంకో పెండ్లా? రేపు నా కొడుకొస్తె నేను ఏం జెప్పాలె?"

వదిన అన్న చాలా ఓర్చుకున్నాడు. చివరికి నా వైపు తిరిగాడు. "నువ్వు చదువుకున్నోనివి. పెట్టె తెచ్చినోనివి. నువ్వన్న చెప్పు. గా పెట్టెల ఉన్నది మీ అన్న గాదా?"

అందరూ నన్నే చూస్తున్నారు. ఒక్క మాట అంటే అయిపోయేది. కానీ నాలుగేళ్ళు దాచిన మాటను ఇప్పుడు అవ్వ ముఖం మీద ఎలా విసరాలి అనుకున్నాను. అది సగం నిజమే. మిగతా సగం కూడా రాయాలి. నాకు అప్పుడే టీచరు ఉద్యోగం వచ్చింది. ఆదిలాబాద్ దగ్గర ఒక తండాలో బడి. పది రోజుల్లో పోయి చేరాలి. వదిన వెళ్ళిపోతే అవ్వకు వండిపెట్టేది ఎవరు? ఈ లెక్క ఆ నిమిషంలో నా మనసులో స్పష్టంగా ఉంది.

"నాకేం ఎర్క? నేను చూడలే" అన్నాను.

ఆ మెత్తని మనిషి లేచి చెప్పులు వేసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ అవ్వకు దండం కూడా పెట్టాడు. మరుసటి ఏడు వేరే పెళ్ళి చేసుకున్నాడని విన్నాను.

నేను ఉద్యోగానికి పోయాను. పెళ్ళి చేసుకున్నాను, పిల్లలు పుట్టారు. సెలవులకు వచ్చి పోతుండేవాణ్ణి. వదిన బీడీలు చుడుతూ, అవ్వను చూసుకుంటూ అక్కడే ఉంది. పదకొండో ఏడు అవ్వకు కిడ్నీలు పాడయ్యాయి. ఇంటికి తీసుకుపొమ్మని డాక్టర్లు అన్నాక సెలవు పెట్టి వచ్చాను.

ఒక మధ్యాహ్నం అవ్వ నన్ను మంచం దగ్గరికి పిలిచింది. "నేను పోతె నన్ను ఏడ పెడ్తరు?"

"బాపు పక్కపొంటి అవ్వా."

"బాపు పక్కపొంటి గా పెట్టెలోడున్నడు గద. పరాయోని పక్కకు నన్ను పెట్టకుండ్రి. దూరంగ ఏడన్న పెట్టుండ్రి."

పదకొండేళ్ళు దాచిన మాట అప్పుడు దానంతటదే బయటికి వచ్చింది.

"పరాయోడు గాదవ్వా. అన్ననే. నేను చూసిన."

అవ్వ నన్ను అలాగే చూసింది. "ఎప్పుడు?"

మొత్తం చెప్పాను. బండి ఆపింది, పెద్దబాపు అన్నది, పన్ను. ముఖం ఎలా ఉందని అడిగితే మాత్రం, "పండుకున్నట్టే ఉన్నడు" అన్నాను.

అవ్వ, "పదకొండు దీపావళ్ళు నా కొడుకు దగ్గర దీపం లేకపాయె" అంది. అప్పుడు ఆమె చూపు నన్ను దాటి గుమ్మం వైపు పోయింది. వదిన జావ గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. అన్నీ విన్నది. అవ్వ మంచంలోంచే రెండు చేతులూ ఎత్తి ఆమెకు దండం పెట్టింది. వదిన గిన్నె కింద పెట్టి బయటికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత అవ్వ ఏమీ తినలేదు. తొమ్మిదో రోజు పోయింది. అన్నకు ఆనించి బొంద తవ్వారు.

అవ్వ పోయిన మర్నాడు పొద్దున వదిన నల్లా దగ్గర ముఖం కడుక్కుని, పుస్తెలు తనే మెడలోంచి తీసి గోడ మీద పెట్టింది. ఏ ఆడవాళ్ళనూ పిలవలేదు. పదకొండొద్దులు అయ్యాక బట్టలు సర్దుకుంటుంటే వెళ్ళి ఆమె ముందు నిలబడ్డాను.

"వదినె, నేను తప్పు చేసిన."

సంచీ ముడి వేస్తూనే అంది: "ఆ దినం మా అన్న అడిగినప్పుడు నేను తలుపెనుక ఉన్న. నీ మొకం చూసిన. నువ్వు చూసినవని నాకు అప్పుడే సమజైంది."

"మరి ఎందుకు అడగలే?"

"అడిగితె ఏమందురు? మారు మనువుకు ఉర్కులాడుతున్నది అందురు. మీ అవ్వనే అనేది." అప్పటికి ఆమెకు ముప్పైమూడు నిండాయి. సంచీ నేను పట్టుకుంటానంటే ఇవ్వలేదు. సుల్తానాబాద్ బస్సు ఎక్కి వెళ్ళిపోయింది.

ఇప్పుడు అక్కడ ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తోంది. అప్పుడప్పుడు ఫోన్ చేస్తాను. ఎత్తుతుంది. పిల్లలు బాగున్నారా అని అడుగుతుంది, వానలు పడ్డాయా అని అడుగుతుంది. పెళ్ళయి వచ్చిన కొత్తలో నన్ను "పిల్లగా" అని పిలిచేది. నేను ఇంటర్ చదివే రోజుల్లో ఆ పిలుపుకు కోపం తెచ్చుకునేవాణ్ణి. ఇప్పుడు నన్ను "సారూ" అంటుంది. హాస్టల్‌కు వచ్చే టీచర్లను పిలిచినట్టే పిలుస్తుంది, మాట అయిపోగానే, "ఉంట మరి సారూ, పొయ్యి మీద కూరున్నది" అని పెట్టేస్తుంది.